ముప్ఫై నిమిషాల్లో మీరే బిగించుకోవచ్చట!

"ముప్ఫై నిమిషాల్లో మీరే బిగించుకోవచ్చు" అని అట్టపెట్టె మీద అచ్చేసిన మహానుభావుడెవరో నాకు తెలీదు. తెలిస్తే మాత్రం అతగాడి చేతికి ఒక నిచ్చెనా, ఒక రెంచీ ఇచ్చి, నవంబరు నెలలో, సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడే వేళ, న్యూజెర్సీలో ఒక ఇంటి కప్పు మీదకి ఎక్కించాలని ఉంది. లోపలినుంచి ఎవరో ఒకరు "ఆఁ, వచ్చింది... అయ్యో, పోయింది" అని అరుస్తూ ఉండాలి. పక్కింటి పెద్దాయన కంచె దగ్గర కాఫీ కప్పుతో నిలబడి ఉచిత సలహాలు పారేస్తూ ఉండాలి. సరిగ్గా ముప్ఫై నిమిషాల తర్వాత నేనే వెళ్ళి మర్యాదగా అడుగుతాను, "అయిందా సార్?" అని.

సంగతి శాటిలైట్ డిష్ గురించి. 2007 నాటి ముచ్చట. "ఇప్పుడు డిష్షులెవరు పెడుతున్నారండీ, అన్నీ ఇంటర్నెట్లోనే వస్తుంటేను" అని మీరు అనబోతున్నారు. నిజమే. నేనూ దాన్ని మర్చిపోయాను. మొన్న వేసవిలో ఇంటి కప్పు షింగిల్స్ మార్పించినప్పుడు ఎప్పటినుంచో పైన ఖాళీగా ఉండిపోయిన ఆ బ్రాకెట్టుని దించారు. రూఫింగు కుర్రాడు దాన్ని రెండు చేతులా పట్టుకుని వంచితే అప్పడంలా విరిగింది. ఆ తుప్పు ముక్కలు చూసేసరికి ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు ఒళ్ళు మండింది. డిష్షుల కాలం పోయింది గానీ ఆ పెట్టె అమ్మినవాడి తత్వం పోలేదు. ఇంకా బలిసింది. అందుకే ఇప్పుడైనా రాయాలనిపించింది.

ఆ ఏడాది మా ఆవిడ పురిటికని అమ్మా నాన్నా వచ్చారు. నాన్న ఎలక్ట్రిసిటీ బోర్డులో లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యారు. అమ్మకి గుమ్మంలో రోజుకి పదిమంది పలకరించే ఊరు తప్ప ఇంకో ప్రపంచం తెలీదు. అటువంటి మనుషుల్ని అక్టోబరులో తెచ్చి ఇక్కడ కూచోబెట్టాం. నేను పొద్దున్న ఏడింటికి క్లయింటు ఆఫీసుకి పోతే మళ్ళీ చీకటి పడ్డాకే రావడం. మా ఆవిడా ఎనిమిదో నెల వరకు ఉద్యోగానికి వెళ్ళింది. ఇంట్లో హీటరు చప్పుడు తప్ప మనిషి గొంతు లేదు. వారం తిరక్కుండానే అమ్మ "ఆ గోడ గడియారం టిక్కుటిక్కులు లెక్కపెడుతున్నాన్రా" అంది. నవ్వుతూనే అంది. కానీ ఆ మాట విన్నాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తెలుగు చానెళ్ళు కావాలంటే అప్పట్లో డిష్ ఒక్కటే దారి. బిగించే మనిషి రావాలంటే మూడు వారాలు పడుతుందన్నారు. ఈలోగా ఒక దుకాణంలో డెబ్బయ్యైదు సెంటీమీటర్ల డిష్, స్టాండు, ఎల్.ఎన్.బి, తీగ, అన్నీ కలిపిన పెట్టె నూట ముప్ఫై డాలర్లకి దొరికింది. ఎవరు తయారు చేశారని అడక్కండి. పెట్టె మీద పేరుంది గానీ, ఆ పేరుకి ఫోన్ చేస్తే పలికిన మనిషికే తను ఏ కంపెనీలో ఉన్నాడో తెలిసినట్టు లేదు.

ఇక పెట్టె విప్పితే ఏముందో చెబుతాను, వినండి. బోల్టుల సంచీ ఒకటి. అందులో కొన్ని ఆరు మిల్లీమీటర్లవి, కొన్ని పావు అంగుళంవి. పావు అంగుళం అంటే 6.35 మిల్లీమీటర్లు. కంటికి రెండూ ఒకటే. ఒకదాని నట్టు ఇంకోదానికి రెండు మరలు ఎక్కి, ఆపైన బిగుసుకుపోయి, అటూ రాదు ఇటూ పోదు. ఒకదానికి పది మిల్లీమీటర్ల రెంచీ కావాలి, రెండోదానికి ఏడు బై పదహారు అంగుళాలది. మాన్యువల్లో "తగిన రెంచీ" అని రాశాడు. మహా తెలివిగా రాశాడు కదూ! ఏడో బొమ్మలో ఉన్న బ్రాకెట్టు మా పెట్టెలో ఉన్నది కాదు, దాని అన్నయ్యదో తమ్ముడిదో. వంపు డిగ్రీలు చూపించే కొలబద్ద అంటించిన కాగితం ముక్క, అదీ వంకరగా అంటించి ఉంది.

ఇవన్నీ చిరాకులే తప్ప నేరాలు కావు. అసలు నేరం డిష్ దగ్గరే మొదలవుతుంది.

అది ఊరికే గుండ్రటి రేకు పళ్ళెం కాదండీ. టీవీ సిగ్నల్ పన్నెండు గిగాహెర్ట్జ్ దరిదాపుల్లో వస్తుంది. అంటే తరంగం పొడవు రెండున్నర సెంటీమీటర్లు. ఆ తరంగాలన్నీ పళ్ళేనికి తగిలి ఒకే చోటికి ఒకే అడుగుగా చేరాలి. రేకు ఎగుడుదిగుడుగా ఉంటే అవి ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఎంత ఎగుడుదిగుడుకి ఎంత నష్టమో జాన్ రూజ్ అనే యాంటెన్నా ఇంజనీరు సూత్రం కట్టాడు, 1966లో దాని మీద సమగ్రంగా ఒక వ్యాసం కూడా రాశాడు. ఆ లెక్కన రేకు సగటున ఒక్క మిల్లీమీటరు తప్పితే సిగ్నల్లో నాలుగో వంతు దాకా పోతుంది. రెండు మిల్లీమీటర్లు తప్పితే మిగిలేది మూడో వంతు కాస్త పైన, అంతే. రెండు మిల్లీమీటర్లంటే మీ చేతిలో ఉన్న రూపాయి బిళ్ళ మందం కన్నా కాస్త ఎక్కువ, అంతే. అంత సున్నితమైన వస్తువుని పల్చటి రేకుతో కొట్టి, దాని అంచు మీదకి ఎల్.ఎన్.బి కడ్డీ ఒత్తుకునేట్టు పెట్టెలో కుక్కి, సముద్రాలు దాటించి అమ్ముతున్నారు.

అది వంగి ఉందని కనిపెట్టింది నాన్న. మంచం పట్టీలు చతురస్రంగా కుదిరాయా లేదా అని మూలనుంచి మూలకి తాడు పట్టి చూస్తారు చూడండి, ఆ బాపతు పరీక్ష. అమ్మ కుట్టుపని డబ్బాలోంచి రెండు దారాలు తీసి, డిష్ అంచు మీద అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి బిగువుగా కట్టారు. అంచు అంతా ఒకే మట్టంలో ఉంటే ఆ రెండు దారాలూ మధ్యలో ఒకదాన్నొకటి తాకాలి. మా దాంట్లో రెండింటి మధ్యనుంచి బొటనవేలు దూరింది.

"ఒరే అబ్బాయ్, ఇది డిష్ కాదు, అట్లపెనం" అన్నారు నాన్న.

అయినా ఎలాగో మోకాలితో ఒత్తీ, చెక్కతో సవరించీ మట్టానికి తెచ్చారు. తర్వాత స్తంభం. అది నిట్టనిలువుగా లేకపోతే మిగతా డిగ్రీలన్నీ అబద్ధాలే. పక్కకి తిప్పితే ఎత్తు కూడా మారిపోతుంది. నాన్న దారానికి నట్టు కట్టి వేలాడదీసి నిలువు కుదిర్చారు. అడుగు బోల్టు బిగించగానే ఆ ప్లేటు మెలితిరిగి స్తంభం ఒరిగింది. మళ్ళీ కుదర్చడం, మళ్ళీ బిగించడం, మళ్ళీ ఒరగడం. చివరికి కింద రేకు ముక్క దూర్చి ఆపారు.

ఇక దిక్కు సంగతి. ఫలానా ఊరికి ఫలానా డిగ్రీలు అని మాన్యువల్లో ఒక పట్టిక. పెట్టెలోనే ఒక బొమ్మ కంపాసు. బాగుంది. కానీ ఆ డిగ్రీలు అసలు ఉత్తరం నుంచా, కంపాసు చూపించే ఉత్తరం నుంచా? ఒక్క ముక్క లేదు. న్యూజెర్సీలో ఈ రెండింటికీ పన్నెండు పదమూడు డిగ్రీల తేడా ఉంటుంది. డెబ్బయ్యైదు సెంటీమీటర్ల డిష్ చూపు వెడల్పేమో మొత్తం కలిపి రెండు డిగ్రీలు, కాస్త పైన. శాటిలైట్ ఉన్నది భూమధ్యరేఖ మీద 35,786 కిలోమీటర్ల ఎత్తులో. ఇక్కడ ఒక్క డిగ్రీ తప్పితే అక్కడ 650 కిలోమీటర్లు తప్పినట్టు, అంటే హైదరాబాదు నుంచి చెన్నైకి రోడ్డు మీద వెళ్ళేంత దూరం. ఆ పట్టికని నమ్ముకుని కంపాసు పట్టుకున్నవాడు దానికి పన్నెండింతలు అవతల, ఏమీ లేని శూన్యంలోకి చూస్తూ కూచుంటాడు.

"మనూళ్ళో కంపాసు సరిగ్గానే చూపిస్తుందిగా" అన్నారు నాన్న ఆశ్చర్యంగా. అవును, మన ఆంధ్రా తెలంగాణాల్లో ఆ తేడా ఒక డిగ్రీ అటూ ఇటూ, అంతే. అలాంటి చోటెక్కడో కూచుని రాసిన మాన్యువల్ని యథాతథంగా అమెరికా పెట్టెలో పడేశారు.

ఇంత జరిగాక, రిసీవరులో సిగ్నల్ బలం అరవై శాతం అని చూపించింది. ఇంట్లో అందరం చప్పట్లు కొట్టాం. బొమ్మ లేదు. తర్వాత తెలిసిందేమిటంటే ఆ అరవై శాతం ఎల్.ఎన్.బికి కరెంటు అందితే చాలు వస్తుందిట. డిష్‌ని గోడకేసి తిప్పినా అరవై శాతమే. చూడాల్సింది నాణ్యత అనే రెండో గీత. దాని గురించి మాన్యువల్లో ప్రస్తావనే లేదు.

సరే, రెండో శనివారం మధ్యాహ్నానికి ఆ రెండో గీత కదిలింది. బొమ్మ వచ్చింది. ఎవరో వార్తలు చదువుతున్నారు. లోపల అమ్మ అరుపు నాకు కప్పు మీదకి వినిపించింది. ఇక బోల్టు బిగించాను. బిగిస్తుంటే బ్రాకెట్టు రేకు లోపలికి నొక్కుకుపోయి డిష్ రెండు డిగ్రీలు తలొంచింది. బొమ్మ పోయింది. ఇది గురితప్పడం కాదు, దయచేసి గమనించండి. గురి కుదిరాక, కుదిరిన గురిని ఆ వస్తువే చెడగొట్టుకోవడం. వదులుగా ఉంటే బొమ్మ వస్తుంది, బిగిస్తే పోతుంది. గాలి వస్తే వదులుగా ఉన్నదీ పోతుంది.

ఇదంతా చెబితే మన మిత్రబృందంలో వెంటనే ఒక మాట వస్తుంది. "మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి స్క్రూడ్రైవర్ పట్టుకోవడం వచ్చి చచ్చిందా" అని. పెట్టెలు అమ్మేవాళ్ళకి ఇంతకన్నా మంచి ప్రకటన ఇంకోటి ఉండదు. బిగించలేకపోతే లోపం నీ చేతులది. నువ్వు చదువుకున్న మొద్దువి. పక్కింటాయన అయితే చిటికెలో చేసేవాడు. నేను ఈ మాట చస్తే ఒప్పుకోను. మా ఇంటి కప్పు మీద ఆ పని చేసింది నేనొక్కడినే కాదు. ముప్ఫై మూడేళ్ళు కరెంటు స్తంభాలు ఎత్తిన మనిషి నా పక్కన ఉన్నారు. బురదలో, చేలగట్ల మీద, తుపాను మర్నాడు కూడా స్తంభం నిలువుగా నిలబెట్టిన చేతులవి. ఆ చేతులకే లొంగనిది ఎవరి చేతికి లొంగుతుంది? ఆ సాయంత్రం ఆయన కిందకి దిగి, అరచేతులు రెండూ వేడినీళ్ళలో పెట్టుకుని, "నాకు చేతకావడం లేదురా" అన్నారు. నాకు ఆ పెట్టెవాడి మీద అన్నిటికన్నా ఎక్కువ కోపం అక్కడ వచ్చింది. నూట ముప్ఫై డాలర్లు పోతే పోయాయి. పనితనం ఉన్న మనిషి చేత తన పనితనం మీదే అనుమానపడేట్టు చేశారు.

రెండో వాదన ఇంకా పాతది. "చవగ్గా కొన్నావు, చవగ్గానే ఉంటుంది" అని. దీనికి మన హైదరాబాదు వైపునుంచే జవాబు ఉంది.

1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా సైట్ అనే ప్రయోగం జరిగింది. నాసా వాళ్ళ ఏటీఎస్-6 శాటిలైట్‌తో ఇస్రో వాళ్ళు ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకి నేరుగా టీవీ చూపించారు. ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి, కార్యక్రమాలు తెలుగులో కూడా వచ్చేవి. ఆ సెట్లు హైదరాబాదులో ఈసీఐఎల్ వాళ్ళు తయారు చేశారు. మరి పల్లెల్లో పెట్టిన మూడు మీటర్ల డిష్‌లు దేంతో చేశారనుకున్నారు? కోళ్ళగూళ్ళకి కొట్టే ఇనప వలతో! అంతకన్నా చవకైనది ఇంకేముంటుంది? అయినా బొమ్మ వచ్చింది. ఎందుకు వచ్చిందంటే, వాళ్ళు ఎంచుకున్న సిగ్నల్ 860 మెగాహెర్ట్జ్. తరంగం పొడవు 35 సెంటీమీటర్లు. అంత పెద్ద తరంగానికి వల కన్నాలు కనపడనే కనపడవు. రూజ్ లెక్క ప్రకారమే చూసినా, వల సగటున ఒకటిన్నర సెంటీమీటర్లు అటూ ఇటూ అయితే పోయేది నాలుగో వంతు సిగ్నలే. దానికి తోడు పైన శాటిలైట్‌కి తొమ్మిది మీటర్ల గొడుగు లాంటి యాంటెన్నా పెట్టి, సిగ్నల్ బలంగా వచ్చేట్టు చూశారు. కష్టమైన పనంతా పైన, తెలిసినవాళ్ళ చేతుల్లో పెట్టుకుని, పల్లెలో మనిషికి తేలికైన భాగం వదిలారు.

మా పెట్టెవాడు చేసింది సరిగ్గా దానికి తలకిందులు. ఫ్యాక్టరీలో అచ్చు సరిగ్గా కొట్టే ఖర్చు మిగుల్చుకున్నాడు. బ్రాకెట్టు రేకు మందం ఒక మిల్లీమీటరు తగ్గించి ఇంకాస్త మిగుల్చుకున్నాడు. మాన్యువల్ మన దేశానికి తగ్గట్టు రాయించే జీతం మిగుల్చుకున్నాడు. అలా మిగిలిన కష్టాన్నంతా మడతపెట్టి, టేపేసి, నా నిచ్చెన మీదకి పంపాడు. దాన్ని చవక అనరు. తన పని నా చేత, నా డబ్బులతోనే చేయించుకోవడం అంటారు.

ఇంకొక్క ముక్క చెప్పాలి, పెట్టె వెనక సంగతి. ముందు వైపు పెద్దక్షరాల్లో "ముప్ఫై నిమిషాల్లో మీరే" అని ఉందా? లోపల వారంటీ కాగితంలో చీమతలకాయ అక్షరాల్లో "శిక్షణ పొందిన నిపుణుడు బిగించకపోతే ఈ వారంటీ చెల్లదు" అని ఉంది. రెండూ ఒకే పెట్టెలో! మేం తిరిగిచ్చేస్తామని పట్టుకెళితే, విప్పిన పెట్టె కాబట్టి పదిహేను శాతం కోసుకుంటామన్నారు. విప్పకుండా లోపల వంగిందని ఎలా తెలుస్తుందండీ అంటే, కౌంటరు దగ్గర కుర్రాడు భుజాలెగరేశాడు. వాణ్ణి అని ఏం లాభం?

పిడుగు సంగతి అసలు మాట్లాడనే లేదు. కప్పు మీద ఇనప స్తంభం పాతితే దాన్నీ, లోపలికొచ్చే తీగనీ భూమికి కలపాలని ఇక్కడి జాతీయ విద్యుత్ నియమావళి, 810వ ఆర్టికల్ చెబుతుంది. పెట్టెలో ఎర్త్ తీగ లేదు, దాన్ని కలిపే బ్లాకు లేదు. మాన్యువల్లో "స్థానిక నియమాలు పాటించండి" అని ఒక్క వాక్యం. నాన్న లైన్ ఇన్‌స్పెక్టరు కాబట్టి మా ఇంటికి ఎర్తింగు వచ్చింది. మిగతా ఇళ్ళకి?

మిగతా ఇళ్ళంటే గుర్తొచ్చింది. అద్దె ఇళ్ళలో కూడా మన సొంత బాల్కనీలో మీటరులోపు డిష్ పెట్టుకోవచ్చని 1999లో ఫెడరల్ నియమం వచ్చింది. సొంత ఇళ్ళకి 1996 నుంచే ఉంది. కానీ గోడలకి కన్నాలు పెట్టొద్దని ఇంటివాళ్ళు అనొచ్చు. అందుకని మనవాళ్ళు పెయింటు బకెట్లో కాంక్రీటు పోసి అందులో స్తంభం పాతేవారు. ఆ రోజుల్లో ఏ అపార్టుమెంటు సముదాయంలోనైనా దక్షిణం వైపు బాల్కనీలో బకెట్ కనిపించిందంటే అక్కడ మనవాళ్ళున్నట్టే లెక్క. ప్రభుత్వం హక్కు ఇచ్చింది. ఆ హక్కు నిలబడాల్సిన బ్రాకెట్టేమో అప్పడం.

మా ప్రాజెక్టులోనే పనిచేసే ఒక మిత్రుడు ఇదే పెట్టె కొన్నాడు. ఆ జనవరిలో మంచు పడ్డ మర్నాడు, మూడోసారో నాలుగోసారో వదులైన ఆ బోల్టునే బిగించడానికి ఎక్కాడు. నిచ్చెన జారింది. కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది, ప్లేటు వేశారు. మాది గంటల లెక్కన కాంట్రాక్టు, పని చేయని రోజుకి జీతం లేదు. ఏడు వారాలు ఎడమచేత్తో టైపు చేస్తూ, సగం గంటలకి బిల్లు వేసుకుంటూ నెట్టుకొచ్చాడు, వీసా ఎక్కడ చిక్కుల్లో పడుతుందోనన్న భయం ఒకటి. ఆ కంపెనీకి ఉత్తరం రాస్తే ఏం జవాబొచ్చిందో ఊహించగలరా? "వస్తువు సరిగా బిగించబడలేదని భావిస్తున్నాము." వాళ్ళ నిఘంటువులో వస్తువు లోపం అనే మాట లేదు. ఉన్నదల్లా వాడేవాడి లోపమే.

మా ఇంట్లో కథ ఎలా ముగిసిందంటే, నాన్న ఆ బ్రాకెట్టుని నమ్మడం మానేశారు. హార్డ్‌వేర్ షాపులో మందపాటి ఇనప పట్టీ రెండు కొని, కన్నాలు వేయించి, రెండు పక్కలా చెక్కపేడులా కట్టారు. మూడో శనివారం బొమ్మ వచ్చి నిలబడింది. అంటే బ్రాకెట్టు తయారీ కూడా మేమే చేసుకున్నాం. పట్టీల ఖరీదు పదకొండు డాలర్లు. ఆ పదకొండు డాలర్ల ఇనుము పెట్టెలోనే పెట్టి నూట నలభై ఒకటికి అమ్మి ఉంటే, నా మిత్రుడి చెయ్యి విరిగేది కాదు. మొన్న రూఫింగు కుర్రాడు విరిచిందాంట్లో నాన్న పట్టీలు మాత్రం విరగలేదు. అవి గ్యారేజీలో దాచాను.

అదే తత్వం ఇప్పుడు టీవీని గోడకి తగిలించే స్టాండుల్లో ఉంది, పిల్లల మంచాల్లో ఉంది, పెరట్లో వేసుకునే షెడ్డుల్లో ఉంది. మాన్యువల్ బదులు ఇప్పుడొక వీడియో ఉంటుంది, అందులోనూ బ్రాకెట్టు వేరేదే. సాఫ్ట్‌వేర్లో మనవాళ్ళూ తక్కువ తినలేదనుకోండి, సగం ఉడికింది వదిలి వాడేవాళ్ళ చేత పరీక్షలు రాయిస్తున్నాం. కానీ మన కోడు కూలితే కనీసం ఎవరూ నిచ్చెన మీదనుంచి పడరు.

ఊళ్ళో ఉన్న పాఠకులకి ఒక మాట. అక్కడ డీడీ ఫ్రీ డిష్ కోసం డబ్బాలు కొని సొంతంగా బిగించుకునేవాళ్ళు ఇప్పటికీ చాలామందే ఉన్నారు. షాపుకి వెళ్ళేటప్పుడు జేబులో రెండు బారల దారం పెట్టుకెళ్ళండి. డబ్బులిచ్చేముందు పళ్ళెం బయటికి తీయించి, అంచు మీద అడ్డంగా నిలువుగా కట్టి చూడండి. షాపువాడు నవ్వుతాడు, నవ్వనివ్వండి. బ్రాకెట్టుని కూడా ఓసారి రెండు చేతుల్తో వంచి చూడండి. వంగితే అక్కడే పెట్టేసి వచ్చెయ్యండి.